స్కూబా డైవర్‌కి నీటిపైన స్నార్కెల్ కావాలా? మాస్క్‌కి ఉంచాలా, జేబులో పెట్టాలా, ఇంట్లో వదిలేయాలా?

కొత్తనీరు
నమస్తే అండీ. వచ్చే నెల అండమాన్ హేవ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ అనే మొదటి స్కూబా కోర్సు. సొంతంగా తెచ్చుకోమన్న సామాన్లలో మాస్క్‌తో పాటు స్నార్కెల్ (నీళ్లపైన ముఖం వంచి ఊపిరి తీసుకునే గొట్టం) కూడా ఉంది. కానీ అనుభవమున్న డైవర్ల ఫోటోలు ఎన్ని చూసినా ఒక్కరి మాస్క్‌కీ ఆ గొట్టం కనబడట్లేదు. వీపున ట్యాంక్ ఉంది, నోట్లో దాని గాలి అందించే రెగ్యులేటర్ ఉంది, తేలడానికి వేసుకునే జాకెట్‌లో (బీసీడీలో) గాలి నింపి వెల్లకిలా పడుకుంటే ముఖం నీళ్లపైనే ఉంటుంది. మరి గొట్టం దేనికి? కొంటే ఏ రకం కొనాలి, కోర్సు అయ్యాక కూడా పనికొస్తుందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

ఉప్పుగాలి
ముందు కోర్సు సంగతి. పాడీ అనే శిక్షణ సంస్థ ఓపెన్ వాటర్ కోర్సులో స్నార్కెల్ నుంచి రెగ్యులేటర్‌కీ, రెగ్యులేటర్ నుంచి స్నార్కెల్‌కీ మారడం చేసి చూపించాల్సిన నైపుణ్యం. కాబట్టి కోర్సుకి గొట్టం తప్పదు. మిగతా సంస్థల మొదటి కోర్సుల్లోనూ దాదాపు ఇంతే.

ఆ తర్వాత వాడతారా లేదా అన్నది డైవ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో దాన్నిబట్టి. హేవ్‌లాక్‌లో డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ లాంటి చోట్లకి పడవ తిన్నగా సైట్ మీదికే వెళ్తుంది. దూకుతారు, తాడు పట్టుకుంటారు, దిగిపోతారు. పైకొచ్చాక పడవే దగ్గరికొస్తుంది. పైన గడిపేది రెండు మూడు నిమిషాలు. స్నార్కెల్‌కి అక్కడ పనే లేదు, మీరు చూసిన ఫోటోలు చాలావరకు అలాంటివే. అదే బీచ్ నంబర్ 2 దగ్గర నీమో రీఫ్ అయితే గట్టు నుంచి ఈదుకుంటూ వెళ్లాలి. పాటు తీసినప్పుడు ఇంకా దూరం. అక్కడ గొట్టం ఉన్నవాళ్లు ముఖం నీళ్లలో పెట్టి, కింద పగడాలు ఎక్కడున్నాయో చూసుకుంటూ కాలి రెక్కలు (ఫిన్స్) తగలకుండా పోతారు. లేనివాళ్లు వెల్లకిలా పోతూ పదిసార్లు వెనక్కి తిరిగి చూస్తారు.

గుహదారి
కోర్సు అవ్వగానే తీసేయండి. కారణాలు చెబుతాను.

1. స్నార్కెల్ బరువంతా మాస్క్ పట్టీకి ఒకే పక్కన వేలాడుతుంది. ప్రవాహంలో అది ఊగుతుంటే మాస్క్ అంచు ఎడమ కణత దగ్గర లేస్తుంది. అక్కడినుంచే నీళ్లు కారతాయి. చాలామంది మాస్క్ బాగోలేదనుకుని కొత్తది కొంటారు, తప్పు గొట్టానిది.

2. చిక్కుకోవడం. పాత చేపల వల, ఎస్ఎంబీ (పైకి వదిలే గుర్తు బెలూన్) తాడు, మునిగిన ఓడల శిథిలాల్లో తీగలు. తల పక్కన 40 సెంటీమీటర్ల కొక్కెం పెట్టుకుని తిరిగినట్టే. చిక్కుకుంటే ముందు ఊడేది మాస్క్.

3. పొడుగు హోస్ (గాలి పైపు) ఉన్న రెగ్యులేటర్ వాడేవాళ్లకి అసలు కుదరదు. 2.1 మీటర్ల హోస్ ఛాతీ మీదుగా వచ్చి మెడ వెనక చుట్టుకుని నోటికి వస్తుంది. గాలి అయిపోయిన బడ్డీకి (జంట డైవర్‌కి) ఇవ్వాలంటే తల వంచి ఒక్క ఊపులో తల మీదుగా తీయాలి. ఎడమ పక్క స్నార్కెల్ ఉంటే హోస్ దానికే తగులుకుంటుంది. ఆ ఒక్క క్షణం కోసమే ఆ అమరిక అంతా.

4. పైకొచ్చేసరికి ట్యాంక్‌లో 50 బార్ (గాలి పీడనం కొలత) మిగలాలన్నది నియమం. ఆ గాలి పీల్చుకుంటూ పోవచ్చు. బీసీడీ నింపి వెల్లకిలా ఈదితే ఆ గాలి కూడా అక్కర్లేదు.

లెక్కలమాస్టారు
నాలుగో అంశానికి అంకెలు వేసి చూద్దాం. మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది 80 ఘనపుటడుగుల అల్యూమినియం ట్యాంక్. లోపల నీళ్లు పోస్తే 11.1 లీటర్లు పడతాయి. 200 బార్ అంటే సుమారు 2220 లీటర్ల గాలి. 1 బార్ పడితే 11 లీటర్లు పోయినట్టు.

సామాన్లన్నీ వేసుకుని మామూలు వేగంతో పైన ఈదేవాళ్లు నిమిషానికి 25 లీటర్లు లాగుతారనుకుందాం. వెళ్లేటప్పుడు 10 నిమిషాలు రెగ్యులేటర్ మీద ఈదితే 250 లీటర్లు, అంటే 22 బార్ పైచిలుకు. దిగకముందే ట్యాంక్ 178కి వచ్చింది. లోపల స్థిమితంగా నిమిషానికి 20 లీటర్లు వాడే మనిషి 18 మీటర్ల లోతులో 2.8 బార్ పీడనం దగ్గర నిమిషానికి 56 లీటర్లు వాడతాడు. కాబట్టి పైన పోగొట్టుకున్నది కింద నాలుగున్నర నిమిషాలు. ఎదురు ప్రవాహమో గాలో ఉండి రొప్పుతూ నిమిషానికి 40 లీటర్లు లాగితే 36 బార్, అంటే ఏడు నిమిషాలు.

తిరిగొచ్చేటప్పుడు లెక్క గుహదారి గారి వైపే ఉంది. 50 బార్ అంటే 555 లీటర్లు. నిమిషానికి 25 చొప్పున 22 నిమిషాలు. కానీ ఇందులో రెండు మెలికలున్నాయి. చివరి కొన్ని బార్లు వచ్చేసరికి చాలా రెగ్యులేటర్లు బరువుగా గాలినిస్తాయి, అదంతా వాడుకోదగ్గది కాదు. రెండోది, 50 బార్ అన్నది అన్నీ సవ్యంగా జరిగిన డైవ్‌లో మిగిలేది. స్నార్కెల్ కావాల్సొచ్చే డైవ్ మామూలుగా అలాంటిది కాదు.

గట్టుడైవర్
విశాఖ తీరం నుంచి చెబుతున్నాను. రుషికొండ, మంగమారిపేట వైపు గట్టు నుంచి దిగేవాళ్లకి ఇది వాదన కాదు, రోజువారీ పని. ఏటంటే, ఇక్కడ పైన ఈతని మూడు ముక్కలుగా చూడాల.

మొదటిది అలలు విరిగే చోటు. అక్కడ స్నార్కెల్ నోట్లో పెట్టకూడదు. ఎవరు చెప్పినా వినొద్దు. విరిగిన అల తల మీద పడితే గొట్టం ఒక్కసారే నిండుతుంది, ఖాళీ చేసేలోపు రెండో అల వస్తుంది. మాస్క్ మీద ఒక చెయ్యి, నోట్లో రెగ్యులేటర్, అంతే. స్నార్కెల్ పట్టీకే ఉంటే అల దాన్ని పట్టుకుని మాస్క్‌ని కూడా లాక్కుపోతుంది. అందుకని అలలు దాటేదాకా అది జేబులోనే ఉండాల.

రెండోది అలలు దాటాక సైట్ దాకా పోయే దూరం. ఇక్కడే గొట్టం పని. మూడోది తిరుగు ప్రయాణం. అప్పటికి మనిషి అలిసిపోయుంటాడు, ట్యాంక్‌లో గాలి తక్కువ, మధ్యాహ్నం గాలి లేచుంటుంది. విశాఖ బీచ్‌ల దగ్గర లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయని అందరికీ తెలిసిందే. దానికి అడ్డంగా, గట్టుకి సమాంతరంగా ఈదాలంటే ఎటు పోతున్నామో కనబడాల. వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ ఈదేవాడికి తను కదలట్లేదన్న సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. బోర్లా ఈదేవాడు, నీళ్లు కాస్త తేటగా ఉంటే, కింద ఇసుక కదులుతోందో లేదో చూసి వెంటనే పట్టేస్తాడు.

ఇంకోటి, జెల్లీఫిష్. అవి వచ్చే రోజుల్లో ముఖం నీళ్లలో పెట్టుకుని చూస్తూ పోవడమే మేలు.

బయల్దేరే ముందు ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ వాళ్ల సూచనలో అల ఎత్తు చూసుకోండి. హైదరాబాద్ నుంచే ఇస్తారు, ఉచితం.

గుహదారి
గట్టుడైవర్ గారూ, దిక్కు తెలియడం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ వెల్లకిలా ఈతకి దిక్సూచి ఉంది కదా. గట్టు మీద రెండు గుర్తులు, ఒక గుడి గోపురమో టవరో ముందు, దాని వెనక ఒక కొండ కొన, ఒకే గీతలో పెట్టుకుని ఈదితే ఎటు కొట్టుకుపోతున్నామో అర నిమిషంలో తెలుస్తుంది. సముద్రం వైపు వెళ్లేటప్పుడైతే ముఖం గట్టు వైపే ఉంటుంది కాబట్టి ఇది ఇంకా సులువు.

బోర్లా ఈతలో ఒక ఇబ్బంది ఎవరూ చెప్పట్లేదు. బీసీడీ నిండా గాలి ఉంటే జాకెట్ మనిషిని నిలువుగా లేపుతుంది. ఆ భంగిమలో ముఖం నీళ్లలో పెడితే మెడ లాగుతుంది, ఫిన్స్ కిందికి తొక్కుతుంటాయి, ముందుకి సాగదు. పైగా తలెత్తి చూడబోతే ట్యాంక్ మీదున్న ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్ మొదటి భాగం) వెనకనుంచి తలకి కొట్టుకుంటుంది.

గట్టుడైవర్
అది బీసీడీ నిండా నింపడం వల్ల వచ్చిన తిప్పలు. బోర్లా ఈదేటప్పుడు సగమే ఉంచాల. వీపు నీటి మట్టానికి వచ్చేంత, నడుం పైకి లేవనంత. ఇన్‌ఫ్లేటర్ (బీసీడీకి గాలి నింపే, వదిలే పైపు) ఎడం చేత్తో ఎత్తి పట్టి కొంచెం కొంచెం వదులుతుంటే ఒక దగ్గర ఛాతీ బిగుతు తగ్గి శరీరం అడ్డంగా పడుతుంది, అక్కడ ఆపేయాల. ఫిన్స్ నీటిపైకి రాకుండా తొడ దగ్గరనుంచి నెమ్మదిగా కొట్టాల. ఆగినప్పుడు మళ్లీ నింపుకోవాల. ఇది నేర్పకుండా గొట్టం నోట్లో పెట్టి పొమ్మంటే ఎవరికైనా స్నార్కెల్ మీద విరక్తే కలుగుద్ది.

గుర్తుల సంగతి బాగుంది, అది చేసేదే. అయితే ఒక బడ్డీ పైకొచ్చి రెండోవాడు రాకపోతే? పైన వెతకాల్సింది కిందకి చూస్తూ. బుడగలు ఎక్కడ లేస్తున్నాయో, మనిషి ఎక్కడున్నాడో ముఖం నీళ్లలో పెట్టి ఈదుతూ చూడాల. అప్పటికి ట్యాంక్‌లో ఉన్న 50 బార్ మళ్లీ దిగాల్సొస్తే కావాల, పైన తిరగడానికి ఖర్చు చేసేది కాదు. గొట్టం పెట్టుకోవడానికి నాకు అన్నిటికన్నా పెద్ద కారణం అదే.

పసిఫిక్‌తీరం
కాలిఫోర్నియా మాంటెరే వైపు సంగతి చెబుతాను. ఇక్కడ ఎక్కువ డైవింగ్ గట్టు నుంచే. నీళ్లు చాలా నెలలు 10 నుంచి 13 డిగ్రీలు. 7 మిల్లీమీటర్ల సూట్, హుడ్, దానికి తగ్గ సీసం బరువు. కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచు తీగలు అడుగునుంచి పైదాకా పెరిగి నీటిమీద పందిరిలా పరుచుకుంటాయి.

గాలి మిగిలితే ఆ పందిరి కిందనుంచి వస్తాం. మిగలకపోతే మీదనుంచి పాక్కుంటూ రావాలి. చేతులు ముందుకి చాచి కెల్ప్‌ని కిందికి నొక్కడం, దాని మీదుగా శరీరాన్ని లాగడం, బోర్లా పడుకుని. వెల్లకిలా అయితే ట్యాంక్ వాల్వ్‌కి కెల్ప్ చుట్టుకుని ఆగిపోతారు. అంటే వెల్లకిలా ఈత అన్నిచోట్లా పనిచేసే జవాబు కాదు. బోర్లా పాకాలంటే ముఖం నీళ్లలో ఉంటుంది, ట్యాంక్ ఖాళీ అయ్యుంటుంది. మిగిలిన దారి స్నార్కెల్ ఒక్కటే.

మళ్లీ అదే కెల్ప్‌లో, నీటి లోపల, మాస్క్‌కి వేలాడే స్నార్కెల్ ప్రతి రెండు మీటర్లకీ ఒక ఆకుకి తగులుకుంటుంది. అందుకే ఇక్కడ మడిచి పెట్టుకునే సిలికాన్ రకం జేబులో పెట్టుకుంటారు. దిగేటప్పుడు లోపలికి, కావాల్సినప్పుడు బయటికి. మీ ఇద్దరి వాదనకీ మధ్య దారి ఇదేనని నాకనిపిస్తుంది.

కొత్తనీరు
ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఇంకో అనుమానం. గొట్టంలోంచి వదిలిన గాలినే మళ్లీ పీలుస్తాం కదా, అది ప్రమాదం కాదా? అలాగే నీళ్లు అసలు రావని చెప్పే ‘డ్రై’ రకం తీసుకుంటే ఖాళీ చేసే తలనొప్పి ఉండదంటున్నారు, నిజమేనా?

ఊపిరి
మొదటి ప్రశ్నకి జవాబు. మీ గొట్టం లోపలి వెడల్పు 2 సెంటీమీటర్లు, పొడవు 40 అనుకోండి. లోపల పట్టే గాలి 126 మిల్లీలీటర్లు. మన శ్వాసనాళాల్లోనే గాలి మార్పిడి జరగని చోటు సుమారు 150 ఉంటుంది. రెండూ కలిపితే 276. విశ్రాంతిగా ఒక ఊపిరికి 500 తీసుకునే మనిషికి అందులో కొత్త గాలి 224 మాత్రమే. అదే మనిషి నిదానంగా, లోతుగా 1500 తీసుకుంటే కొత్త గాలి 1224. ఊపిరి మూడింతలైతే అందే కొత్త గాలి అయిదింతలు దాటింది. కాబట్టి గొట్టంతో చిన్న చిన్న ఊపిరులు తీయడమే అసలు తప్పు. కంగారుపడ్డవాళ్లు చేసేది సరిగ్గా అదే. బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, అది ఇంకా ఊపిరాడనట్టు అనిపిస్తుంది, ఇంకా వేగంగా పీలుస్తారు. అలా మొదలైతే వెంటనే ఆగి, బీసీడీ నింపి, గొట్టం తీసేసి తల పైకెత్తి పీల్చుకోవాలి.

గొట్టం ఇంకా పొడుగ్గా ఎందుకు చెయ్యరని కొందరు అడుగుతారు. ఛాతీ మీద నీటి బరువు ఉంటుంది, నోట్లో మాత్రం పైనున్న గాలి పీడనమే. మీటరు లోతులో ఆ తేడా 0.1 బార్. మన ఊపిరి కండరాలు గరిష్ఠంగా లాగగలిగేది దాదాపు అంతే. ఒకటి రెండు ఊపిరులు కూడా కష్టం, బలవంతంగా లాగితే ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది.

ఈ చివరి మాట కాస్త పట్టించుకోండి. హవాయిలో స్నార్కెలింగ్ మరణాల మీద జరిగిన భద్రతా అధ్యయనం 2021లో వెలువడింది. నీళ్లు మింగి మునగడం ఒక్కటే కారణం కాదని, గొట్టంలో గాలి లాగడానికి పడే శ్రమ వల్ల ఊపిరితిత్తుల్లో వేగంగా నీరు చేరడం కూడా చాలావాటికి కారణమై ఉండొచ్చని అది చెప్పింది. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ. నీళ్లలో ఉన్నట్టుండి ఆయాసం, కాళ్లలో సత్తువ లేకపోవడం కనబడితే ఈత ఆపి, తల ఎత్తి, సాయం అడగాలి. ‘ఇంకో 20 మీటర్లే కదా’ అని లాగించకూడదు. అందుకే కొనేటప్పుడు నోట్లో పెట్టుకుని గట్టిగా ఓసారి పీల్చి చూడండి. ఏమాత్రం అడ్డు తగిలినట్టున్నా వద్దు. పీల్చినప్పుడు తేలిగ్గా ఉన్నవన్నీ మంచివని కాదు గానీ, అప్పుడే బరువుగా ఉన్నది ఎదురు గాలిలో ఈదేటప్పుడు మరీ బరువవుతుంది.

హైదరాబాద్ఫిన్స్
రెండో ప్రశ్నకి నేను చెప్త.

డ్రై రకంల పైకొసకు ఒక తేలే మూత ఉంటది. నీళ్లు తగలంగనే మూసుకుంటది. స్నార్కెలింగ్ మాత్రమే చేసేటోళ్లకు బాగనే ఉంటది. డైవర్‌కు మూడు ఇబ్బందులు. ఒకటి, ఆ మూతతోని పైన బరువు పెరిగి మాస్క్ పట్టీ లాగుతది. రెండు, దిగేటప్పుడు మూత మూసుకుని లోపల గాలి ఇరుక్కుంటది, 126 మిల్లీలీటర్ల గాలి అంటే అంత నీటి బరువు మేరకు, 126 గ్రాముల బలంతోని, మాస్క్‌ను పైకి గుంజుతది. లోతుకు పోయిన కొద్దీ తగ్గుతది గానీ మొదటి రెండు మూడు మీటర్లల్ల తెలుస్తనే ఉంటది. మూడు, ఉప్పు గడ్డకట్టినా ఇసుక ఇరుక్కున్నా మూత అట్లనే మూసుకుపోయి గాలి రాదు. అలలు ఎక్కువున్నప్పుడు ఊపిరి మధ్యలనే టక్కున మూసుకుంటది, కొత్తోళ్లు అక్కడనే బెదురుతరు.

అసలు మూతలేని గుండ్రటి సాదా గొట్టం, లేదంటే పైన నీటి తుంపర ఆపే చిన్న కవచం, కింద ఒక పర్జ్ వాల్వ్ (ఊదితే నీళ్లు బయటికి పోయే ఒకవైపు వాల్వ్) ఉన్నది చాలు. పర్జ్ వాల్వ్ పనిచేస్తుందా లేదా దుకాణంలనే చూడొచ్చు. పై రంధ్రాలు అరచేత్తోని మూసి నోటితోని మెల్లగ లాగుండ్రి. గాలి వస్తే వాల్వ్ సరిగ్గ కూర్చుంటలేదు. నీళ్లల్ల అట్లనే నీళ్లు వస్తయి. ఒక్క ఇసుక రేణువు చాలు అది తెరుచుకుని ఉండనీకి, మంచి నీళ్లతోని కడిగి వేలితోని ఒకసారి కదిలిస్తే పోతది.

మౌత్‌పీస్ పళ్ల నడుమ వదులుగ నిలవాలె, కొరికి పట్టుకోవాల్సి వస్తే దవడ నొప్పి ఖాయం. ఎడమ పక్కనే పెట్టాలె, ఎందుకంటే రెగ్యులేటర్ కుడి భుజం మీదికెల్లి వస్తది. పట్టీ మీద చెవి దగ్గర, కొంచెం ముందుకు. ముఖం వంచి ముందుకు 45 డిగ్రీల వాలుల చూసినప్పుడు గొట్టం నిలువుగ లేవాలె. వెనక్కి వాలి కొస మునుగుతుంటే క్లిప్ జరుపుండ్రి. గొట్టం మీద క్లిప్‌ను కిందికి పైకి జరిపితే మౌత్‌పీస్ నోటి దగ్గర తనంతల తానే వచ్చి నిలుస్తది. ఆ సర్దుబాటు చేసుకోకనే చాలామంది ‘ఇది లాగుతది’ అని పక్కన పడేస్తరు.

హైదరాబాద్‌ల సముద్రం లేదు గానీ ఈత కొలను ఉన్నది. కోర్సుకు పోయే ముందు 200 మీటర్లు గొట్టంతోని ఈది చూడు తమ్మీ. మధ్యల రెండు మూడు సార్లు కావాలని ముంచి నింపి ఖాళీ చెయ్యి.

ఉప్పుగాలి
మార్చుకోవడం గురించి విడిగా రాస్తాను, ఎందుకంటే తప్పులు జరిగేది అక్కడే. ముఖం నీళ్లలోనే ఉంచి చేయాలి.

స్నార్కెల్ నుంచి రెగ్యులేటర్‌కి: ముందు కుడిచేత్తో రెగ్యులేటర్ పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకోవాలి. రెగ్యులేటర్ చేతిలోకి రాకుండా స్నార్కెల్ తీయకూడదు. గొట్టంలోంచి నిండుగా ఒక ఊపిరి తీసుకుని, ఎడంచేత్తో గొట్టం తీసి, రెగ్యులేటర్ పెట్టుకుని, గట్టిగా ఊదాలి. ఊదడానికి ఊపిరి మిగలకపోతే నాలుక పైకెత్తి అడ్డుపెట్టి రెగ్యులేటర్ మీదున్న పర్జ్ బటన్ (గాలి వదిలి నీళ్లు బయటికి నెట్టేది) ఒకసారి నొక్కాలి. మొదటి ఊపిరి మాత్రం చిన్నగా, అనుమానంగా తీయాలి. నీళ్లు ఉన్నాయో లేదో అది చెబుతుంది.

రెగ్యులేటర్ నుంచి స్నార్కెల్‌కి: ఊపిరి తీసుకుని రెగ్యులేటర్ తీసిన వెంటనే దాని నోటి భాగం కిందికి తిప్పాలి. పైకి ఉంటే బుస్సుమని గాలి పోతుంది. నిమిషంలో 20, 30 బార్లు పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. సెకండ్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో నోటి దగ్గరుండే భాగం) మీద చిన్న మీట ఉంటే దాన్ని మైనస్ వైపు తిప్పేయండి. గొట్టం నోట్లో పెట్టి ‘ట్టూ’ అని ఒక్క దెబ్బకి ఊదాలి. మెల్లగా ఊదితే గాలి నీళ్ల మధ్యనుంచి బుడగలుగా జారిపోతుంది, నీళ్లు అక్కడే ఉంటాయి. వేగంగా కొట్టిన గాలే నీటిని గుత్తగా పైకి నెడుతుంది. మొదటి దెబ్బకి కొంత మిగులుతుంది. నాలుక మీదుగా మెల్లగా పీల్చి రెండోసారి ఊదాలి.

అన్నిటికన్నా పెద్ద తప్పు: స్నార్కెల్ నోట్లో ఉండగానే బీసీడీ గాలి వదిలేయడం. రెండిటి మౌత్‌పీస్‌లూ నోటికి ఒకేలా తగులుతాయి, ఊపిరి కూడా వస్తూనే ఉంటుంది, కాబట్టి మెదడు పట్టించుకోదు. తల మునిగిన మరుక్షణం గొంతులోకి నీళ్లే. దిగే ముందు అయిదు అంచెల్లో సంకేతం, దిక్కు చూసుకోవడం అయ్యాక మూడోది ‘రెగ్యులేటర్’ అని ప్రత్యేకంగా పెట్టింది ఇందుకే. బడ్డీ నోట్లో ఏముందో కూడా చూడండి. గొట్టం నోట్లో పెట్టుకుని దిగమని సైగ చేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా ఉంటారు.

పొరపాటున నీళ్లు గొంతులోకి పోతే గొట్టంతోనే దగ్గే ప్రయత్నం చేయొద్దు. రెగ్యులేటర్ పెట్టుకోండి. దాంట్లోకే దగ్గొచ్చు, అది తట్టుకుంటుంది, తర్వాతి ఊపిరికి పొడిగాలి ఇస్తుంది.

గుహదారి
ఉప్పుగాలి గారు రాసిన ఆ ‘పెద్ద తప్పు’ నా వాదనే. నోటికి పెట్టుకునేవి మూడు అయ్యాయి: మెయిన్ రెగ్యులేటర్, ఆక్టోపస్ (బడ్డీ కోసం ఉండే అదనపు రెగ్యులేటర్), స్నార్కెల్. గాలి రానిది ఒకటి వాటి మధ్య కలపడం ఎందుకు? కొత్తవాళ్లకి నేను చెప్పేది ఒకటే: నీళ్లలో తల ఉన్నంతసేపూ, నిచ్చెన ఎక్కి పడవలో నిలబడేదాకా రెగ్యులేటర్ నోట్లోనే. నిచ్చెన దగ్గర పైవాడు జారి మీద పడినా, మీరే జారి పడినా, మాస్క్, రెగ్యులేటర్ ఉంటే చాలు.

అయితే మాంటెరే ఉదాహరణ, మనిషిని వెతకడం గురించి గట్టుడైవర్ గారు చెప్పింది, ఈ రెండూ బలమైనవే. మడిచే రకం జేబులో ఉంటే నాకు అభ్యంతరం లేదు. గుహల్లో, శిథిలాల లోపల మాత్రం జేబులో కూడా అక్కర్లేదు, అక్కడ దానికి పనే రాదు.

గట్టుడైవర్
నిచ్చెన దగ్గర రెగ్యులేటర్ మాట వందశాతం ఒప్పుకుంటాను.

ఇంకో సందర్భం చెప్పి ఆపుతాను. ప్రవాహంలో పైకి తేలేసరికి పడవ కనబడట్లేదు. ఎస్ఎంబీ నిలబెట్టారు, విజిల్ ఊదుతున్నారు, అరగంటైనా ఎవరూ రాలేదు. గాలి వీస్తూ ఉంటే నాలుగైదు సెకన్లకో చిన్న అల ముఖాన కొడుతుంది. వెల్లకిలా ఉన్నా ముక్కులోకి, నోట్లోకి పోతూనే ఉంటాయి. ట్యాంక్‌లో 22 నిమిషాల గాలే ఉందని మాస్టారు లెక్కేసి చెప్పారు కదా. ఆ తర్వాత ఏంటి? అప్పుడు మాస్క్ తీయకుండా, గాలికి వీపు తిప్పి, గొట్టంతో పీలుస్తుంటే గంటలైనా ఉండొచ్చు. తేలడం కష్టమైతే బరువులు వదిలేయాల. చాలా ప్రమాద నివేదికల్లో మనిషి బరువులు నడుముకే ఉన్నాయని రాసుంటుంది. స్నార్కెల్ ఉన్నా లేకపోయినా అది ముందు.

లెక్కలమాస్టారు
గట్టుడైవర్ గారి మాటకి చిన్న జోడింపు. ట్యాంక్ పూర్తిగా ఖాళీ అయితే ఇన్‌ఫ్లేటర్ బటన్ కూడా పనిచేయదు, బీసీడీని నోటితోనే ఊదాలి. పైన రెగ్యులేటర్ మీద 50 బార్ కరిగించేస్తే ఇది కూడా పోతుందని గుర్తుంచుకోవాలి. కనీసం 10 బార్ బీసీడీ కోసం వదిలేయండి. పైన 10 బార్ అంటే 111 లీటర్లు, బీసీడీని కొన్నిసార్లు నింపడానికి సరిపోతుంది.

కొత్తనీరు
అర్థమైంది. ముఖం మొత్తం కప్పే స్నార్కెల్ మాస్క్‌లు ఉన్నాయి కదా, ముక్కుతో కూడా పీల్చొచ్చట. అది కొంటే మాస్క్, గొట్టం రెండూ అయిపోవా?

ఊపిరి
డైవింగ్‌కి అస్సలు కుదరదు. ముక్కు పట్టుకుని చెవులు సమం చేసుకోవడానికి వీలుండదు, రెగ్యులేటర్ పెట్టుకోవడానికి నోరు అందదు, లోపలి ఖాళీ కూడా ఎక్కువ. కొనొద్దు.

పసిఫిక్‌తీరం
చివరిగా జేబులో పెట్టుకునే రకం గురించి, అందరూ మర్చిపోయేది ఒకటి. మడిచి నెలల తరబడి బ్యాగులో అలాగే వదిలేస్తే సిలికాన్ ఆ మడత దగ్గర నొక్కుకుపోయి, తెరిచాక కూడా గొట్టం సగం మూసుకునే ఉంటుంది. గాలి అక్కడే ఇరుకవుతుంది. ఇంటికి రాగానే మంచి నీళ్లలో కడిగి, విప్పి, నిలువుగా వేలాడదీయండి. డైవ్‌కి వెళ్లే ముందు మాత్రమే చుట్టండి.

ఇంకా, చేతికి గ్లోవ్స్ వేసుకుని, మాస్క్ పెట్టుకుని, నీళ్లలో తేలుతూ ఒక్క చేత్తో దాన్ని జేబులోంచి తీసి పట్టీకి తగిలించడం ఈత కొలనులో పదిసార్లు చేసి చూడండి. క్లిప్ కుదరకపోతే పట్టీ కిందికి దోపేసినా నిలుస్తుంది. రెండో చెయ్యి ఇన్‌ఫ్లేటర్ మీదే ఉండాలి. కొందరి బీసీడీల్లో కుడి జేబులో ఎస్ఎంబీ, రీల్ ఉంటాయి. వాటితో కలిపి పెడితే తీసేటప్పుడు రీల్ తాడు గొట్టానికి చుట్టుకుని వస్తుంది, కాబట్టి ఎడమ జేబు వాడండి.

కొత్తనీరు
ఎడమ జేబు, సాదా గొట్టం, కొలనులో పదిసార్లు. రాసుకున్నానండీ. ఈ ఆదివారం కొలనుకి వెళ్తున్నాను. ‘ట్టూ’ అని ఊదడం దగ్గర ఎక్కడైనా తేడా వస్తే మళ్లీ ఇక్కడే అడుగుతాను.